చీటీల కవరా, సెల్‌ఫోనా, రూళ్ళ పుస్తకమా?



షుగరు, బి.పి. ఉన్నవారు ఇంటి దగ్గర చూసుకున్న అంకెలను ఎక్కడ రాసిపెట్టుకోవాలి అన్నది చూడడానికి చాలా చిన్న ప్రశ్న. మందుల గురించి, పథ్యం గురించి ఎన్నో వ్యాసాలు వస్తుంటాయి గానీ దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు. కాని ఓ.పి.లో రోజూ కూర్చునే మాకు ఈ చిన్న ప్రశ్న దగ్గరే చాలామంది వైద్యం కుంటుపడుతున్నట్లు కనిపిస్తోంది. ఇప్పుడు ఎన్నో ఇళ్ళల్లో బి.పి. మిషను ఉంది, షుగరు చూసే గ్లూకోమీటరు ఉంది. పిల్లలు కొనిచ్చినవి, పట్నం నుంచి తెప్పించినవి. మిషను ఉంది సరే, అది చూపించిన అంకె ఏమైంది అని అడిగితే మాత్రం జవాబు దొరకడం లేదు. “బాగానే ఉంటోందండీ” అంటారు. “ఒకోసారి ఎక్కువ, ఒకోసారి తక్కువ” అంటారు. దీన్నిబట్టి ఏ డాక్టరుగారూ మందు మార్చలేరు. మార్చకూడదు కూడా.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఫోను కన్నా, గోడ కాలెండరు కన్నా, చీటీల కవరు కన్నా, కిరాణా కొట్లో దొరికే మామూలు రూళ్ళ నోటు పుస్తకమే మేలు. ఇది పాతకాలపు మాట అని ఇంట్లో చదువుకున్న పిల్లలు నవ్వవచ్చు. ఎందుకు అంటున్నామో చివరి వరకు చదివి ఆ తరువాత నవ్వమని మా మనవి.

మొదట చీటీల కవరు సంగతి. బట్టల షాపువారిచ్చిన ప్లాస్టిక్ కవరులో రెండు మూడేళ్ళ కాగితాలన్నీ కుక్కి తెచ్చేవారు మనలో చాలామంది. అందులో ల్యాబు రిపోర్టులు, మందుల షాపు బిల్లులు, పాత ఓ.పి. చీటీలు, మెడికల్ క్యాంపులో ఎవరో సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చిన బి.పి., అన్నీ కలిసి ఉంటాయి. కొన్నిటి మీద తేదీ ఉండదు. మిషనులోంచి వచ్చే నున్నటి కాగితం మీద అచ్చయినవి కొన్ని నెలలకే వెలిసిపోయి తెల్ల కాగితాలవుతాయి. అత్తగారి రిపోర్టు కోడలి కవరులోకి చేరడం కూడా అరుదేమీ కాదు. డాక్టరుగారు ఆ కవరును బల్ల మీద బోర్లించి తేదీలవారీగా పేర్చుకునే లోపల బయట ఇంకా నలభై మంది వరసలో నిలబడి ఉంటారు. కాబట్టి పైన ఉన్న ఒకటి రెండు కాగితాలు చూసి నిర్ణయం తీసుకోవడం జరుగుతుంది. ఆ పైన ఉన్నవే ముఖ్యమైనవి అవుతాయన్న హామీ ఏముంది?

“మూడు నెలల షుగరు పరీక్ష చేయిస్తున్నాం కదా, ఇంకా రోజువారీ లెక్క ఎందుకు?” అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. హెచ్‌బిఎ1సి అనే ఆ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఆ పరీక్షలో 7 శాతం వచ్చిందంటే సగటున షుగరు సుమారు 154 ఉన్నట్లు లెక్క. కాని సగటు అనేది చాలా విషయాలను కప్పిపెడుతుంది. రోజంతా 140కీ 170కీ మధ్య నడిచే మనిషికీ, పొద్దున 60కి పడిపోయి సాయంత్రం 250కి ఎగిరే మనిషికీ సగటు దగ్గర దగ్గరగానే రావచ్చు. మొదటి మనిషి నిశ్చింతగా నిద్రపోవచ్చు. రెండో మనిషి ఏదో ఒక రోజు బాత్‌రూములో కళ్ళు తిరిగి పడిపోతాడు. ఈ ఇద్దరి మధ్య తేడా ల్యాబులో తెలియదు. ఇంట్లో రాసుకున్న లెక్కలోనే తెలుస్తుంది.

ఇంకొంచెం వివరంగా చెబుతాము. అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నారనుకోండి. గ్లిబెన్‌క్లమైడ్ లేక గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వాడుతున్నారు. ఈ జాతి మాత్రలు మనం తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతూనే ఉంటాయి. ఆయన ఇంట్లో పరగడుపున మాత్రమే చూసుకుంటారు. 170, 180, 190 వస్తున్నాయి. ఆ మూడు అంకెలే డాక్టరుగారికి చెబుతారు. డాక్టరుగారు మోతాదు పెంచుతారు. అయితే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళిన రోజున పదకొండు గంటలప్పుడు ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడిన సంగతి ఆయన చెప్పరు. దాన్ని జబ్బులో భాగంగా అనుకోలేదు, నీరసం అనుకున్నారు. రాసిపెట్టుకోలేదు కాబట్టి గుర్తూ లేదు. ఇప్పుడు పెరిగిన మోతాదుతో వచ్చే శుక్రవారం ఏమవుతుందో ఆలోచించండి. షుగరు 70కి తగ్గితే తక్కువ కిందే లెక్క. అలాంటప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ఇవన్నీ చాలామందికి తెలుసు. తెలియనిదల్లా, ఆ చెమటలు పట్టిన సంగతి ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ మోతాదు పెరిగేదే కాదన్నది.

(ఉపవాసం ఉండదలచిన షుగరు రోగులు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, శ్రమకాలపు నలభై దినాలు మొదలవక ముందే డాక్టరుగారితో మాట్లాడుకోవాలి. ఆ రోజుల్లో ఏ మాత్ర ఆపాలి, ఏది సగం వేసుకోవాలి అన్నది మీకై మీరు తేల్చుకోవద్దు.)

ఇక కాలెండరు. మన ఇళ్ళల్లో పాలవాడు రాని రోజు, గ్యాసు బండ మార్చిన రోజు, చాకలికి వేసిన బట్టల లెక్క అన్నీ గోడ కాలెండరు మీదే ఉంటాయి. అది కళ్ళెదుట వేలాడుతుంటుంది, పక్కనే దారానికి కట్టిన పెన్సిలు ఉంటుంది. కాబట్టి మాత్ర వేసుకున్నామా లేదా అని టిక్కు పెట్టుకోవడానికి కాలెండరును మించింది లేదు. పొద్దున వేసుకున్నానో లేదో అనుమానం వచ్చి రెండోసారి వేసుకునే ప్రమాదం దానితో పోతుంది. కాని అంకెలు రాయడానికి ఆ గడి చాలదు. తిథులు, పండుగలు, వాక్యాలు పోగా మిగిలిన చోట్లో 148/92 అని రాస్తే పక్క రోజు గడిలోకి పోతుంది. నెల మారితే కాగితం వెనక్కు వెళ్ళిపోతుంది. జనవరి ఒకటో తారీఖున కొత్త కాలెండరు వస్తుంది, పాతది పుస్తకాలకు అట్టలవుతుంది. ఏడాది లెక్క పిల్లవాడి సోషల్ పుస్తకం మీద అట్టగా చూసినవాళ్ళం మేము.

సెల్‌ఫోను దగ్గరకు వద్దాం. ఫోను మీద మాకేమీ కోపం లేదు. తేదీ, సమయం దానంతట అదే వేస్తుంది, గీత గీసి చూపిస్తుంది, మరిచిపోతే గుర్తు చేస్తుంది. చదువుకుని, తన ఫోను తన దగ్గరే ఉంచుకుని, దాన్ని సునాయాసంగా వాడే మనిషికి అది సరిపోతుంది. అలాంటివారిని మానమని అనడం లేదు. ప్రభుత్వం 2021లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను కింద 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు కూడా ఇస్తున్నారు. ఆసుపత్రి రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు ఒకచోట దొరకడానికి అది ఉపయోగమే, తీసుకోండి.

మా అభ్యంతరం వేరు. మన దగ్గరకు వచ్చే పెద్దవారిలో ఎక్కువమంది ఫోను వారిది కాదు. కొడుకుది. కొడుకు డ్యూటీకి వెళితే లెక్క కూడా డ్యూటీకి వెళుతుంది. ఫోను మారిస్తే, నీళ్ళలో పడితే, ఆ యాప్ నడిపేవాళ్ళు దుకాణం కట్టేస్తే ఏడాది శ్రమ పోతుంది. మెనూ ఇంగ్లీషులో ఉంటుంది. పైగా ఆ అంకెలు ఎవరి కంప్యూటరులోకి పోతున్నాయో మనకు తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఓ.పి. గదిలో కూర్చుని “ఒక్క నిమిషం సార్, చార్జింగు లేదు... ఆఁ, వస్తోంది” అంటూ వేలితో పైకీ కిందకీ జరుపుతుంటే మీకు దొరికే ఆ అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు అక్కడే పోతాయి. పుస్తకమైతే తెరిచి బల్ల మీద పెడితే నెల రోజులు ఒక్క చూపులో కనిపిస్తాయి.

“గ్లూకోమీటరులోనే పాత అంకెలన్నీ ఉంటాయి కదా” అనేవారూ ఉన్నారు. నిజమే, చాలా మిషనులు గుర్తుపెట్టుకుంటాయి. అయితే బ్యాటరీ మార్చినప్పుడు తేదీ సరిచేయకపోతే అది ఏ కాలంలోనో ఉండిపోతుంది. ఒకే మిషనుతో భార్యాభర్తలిద్దరూ, పక్కింటి పిన్నిగారూ చూసుకుంటే ఏ అంకె ఎవరిదో దానికి తెలియదు. (సూది మాత్రం ఎవరిది వారికే. ఒకరు గుచ్చుకున్న లాన్సెట్ ఇంకొకరు వాడరాదు.) ముందు రోజు పెళ్ళి భోజనం చేశారో, జ్వరంతో పడుకున్నారో అది చెప్పదు.

అయినా మిషనుకు ఒక గొప్ప గుణం ఉంది. అది భయపడదు. 1984లో అమెరికాలో కొందరు పరిశోధకులు షుగరు రోగులకు అంకెలను దాచుకునే మిషనులు ఇచ్చి, ఆ సంగతి వారికి చెప్పకుండా, వారు పుస్తకాల్లో రాసిన అంకెలతో పోల్చి చూశారు. మిషను ఎన్నడూ చూపించని అంకెలు పుస్తకాల్లో ఉన్నాయి. మిషను చూపించిన చెడ్డ అంకెలు పుస్తకాల్లో లేవు. అది అమెరికా సంగతి అని మనం తేలిగ్గా తీసుకోనవసరం లేదు. ఓ.పి.కి రాబోయే ముందు రోజు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నెల రోజుల లెక్క పూర్తి చేసి తెచ్చిన పుస్తకాన్ని మన సిస్టరమ్మలు ఇట్టే పట్టేస్తారు. అన్నీ 120, 130, 140 అని గుండ్రంగా ఉంటాయి. బ్రతికున్న మనిషి షుగరు అంత గుండ్రంగా ఉండదు.

ఎందుకలా చేస్తారు? మోసం చేద్దామని కాదు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు దాచినట్లే ఇదీను. అంకె చూడగానే “మళ్ళీ స్వీట్లు తిన్నావా?” అని పదిమందిలో కసిరే చోట నిజమైన పుస్తకం ఎలా పుడుతుంది? డిసెంబరు నెలలో అరిసెలు, కజ్జికాయలు, కేకు తిన్నాక 280 వస్తే 280 అనే రాయండి. పక్కన “క్రిస్మస్” అని ఒక్క మాట రాయండి. కారణం తెలిసిన 280 డాక్టరుగారిని కంగారు పెట్టదు. కారణం తెలియని 180 కంగారు పెడుతుంది. ఈ విషయంలో తప్పు రోగులదని మేము అనము. చూసేవారు మెత్తగా అడిగితే రాసేవారు నిజం రాస్తారు.

ఇప్పుడు మేము చెప్పే పుస్తకం ఎలాంటిదో చెప్పాలి. కుట్టు వేసిన నూరు పేజీల లాంగ్ నోటు పుస్తకం చాలు. విడి కాగితాలు వద్దు. తీగ చుట్టినదీ వద్దు, అందులోంచి పేజీ చింపడం తేలిక. కొత్త సంవత్సరానికి సిమెంటు కొట్టువారూ మందుల కంపెనీలవారూ ఇచ్చే అందమైన డైరీ కూడా వద్దు. ఈ మాట చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. డైరీలో రోజుకొక పేజీ ఉంటుంది. పేజీకి ఒక్క అంకె పడుతుంది. ముప్పై పేజీలు తిప్పితే గానీ నెల తెలియదు, ముప్పై పేజీలు తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు. రూళ్ళ పుస్తకంలో రోజుకొక వరస. అంకె కింద అంకె, దాని కింద ఇంకో అంకె. పైనుంచి కిందికి చూపు జారిస్తే చాలు, ఎక్కడ ఎగిరిందో, ఎక్కడ పడిందో చదువురాని మనవరాలు కూడా వేలుపెట్టి చూపిస్తుంది.

స్కేలు పెట్టి నిలువుగా గీతలు కొట్టుకోండి. తేదీ, సమయం, బి.పి. పైదీ కిందదీ, షుగరు, మందు, చివర విశేషాలు. షుగరు పక్కన పరగడుపుదైతే ‘ప’ అనీ, తిన్న రెండు గంటలకు చూసినదైతే ‘తి’ అనీ వేయండి. ఆ అక్షరం లేని అంకెకు అర్థం లేదు. పరగడుపున 170 అంటే ఒక మాట, భోజనం చేశాక 170 అంటే ఇంకో మాట. ఇన్సులిన్ తీసుకునేవారు ‘ఇన్ని గీతలు’ అని కాకుండా ‘ఇన్ని యూనిట్లు’ అని రాయాలి. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులో వచ్చేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా రెండు రకాలున్నాయి. 40 సీసాకు 40 సిరంజీయే వాడాలి. సీసా మారినా, సిరంజీ మారినా, పెన్నుకు మారినా ఆ రోజు వరసలో ఆ సంగతి రాసి తీరాలి.

చివరి గడి, అంటే విశేషాల గడి, అన్నిటికన్నా వెడల్పుగా ఉండాలి. మా దృష్టిలో పుస్తకమంతా ఆ గడి కోసమే. మాత్ర మరిచిపోయారా, నిద్ర పట్టలేదా, జ్వరమా, ప్రయాణమా, ఉపవాసమా, కళ్ళు తిరిగాయా, కాళ్ళు వాచాయా, ఇంట్లో ఏదైనా దుఃఖమా, మోకాలి నొప్పికి షాపులో అడిగి ఏదైనా బిళ్ళ వేసుకున్నారా. ఈ చివరిది ప్రత్యేకంగా అడుగుతున్నాము. నొప్పి మాత్రల్లో చాలా వాటికి బి.పి. పెంచే గుణం, కిడ్నీలను ఇబ్బంది పెట్టే గుణం ఉన్నాయి. బి.పి. మందు పని చేయడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతాము, అసలు కారణం నొప్పి బిళ్ళ అయి ఉంటుంది.

తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి. వైటునరు పూయవద్దు. ముఖ్యంగా పుస్తకాన్ని ‘ఫెయిర్ కాపీ’ చేయకండి. చారు మరక పడినా, మనవడు పిచ్చి గీతలు గీసినా ఆ పుస్తకమే మాకు కావాలి. మళ్ళీ అందంగా ఎత్తి రాసేటప్పుడు అంకెలు తారుమారవుతాయి, చెడ్డవి జారిపోతాయి. చూడని రోజు ఖాళీగా వదిలేయండి. ఖాళీ కూడా ఒక సమాచారమే.

బి.పి. విషయంలో ఒక మాట. అంకె రాసే పద్ధతి ఎంత బాగున్నా చూసే పద్ధతి సరిగా లేకపోతే అంతా వృథా. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి, తక్కువది ఏరుకోకూడదు. డాక్టరుగారి దగ్గరకు వచ్చే ముందు ఏడు రోజులు ఇలా పొద్దున, సాయంత్రం చూసి రాస్తే చాలు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు కడతారు. ఇంటి దగ్గర ఆ సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. ఆసుపత్రిలో చూసే 140/90కి అది సమానం. ఆసుపత్రికి రాగానే కంగారుతో బి.పి. పెరిగే వారున్నారు, వారికి ఈ ఏడు రోజుల లెక్క ఎంతో మేలు చేస్తుంది. అనవసరపు మందు తప్పుతుంది.

అలాగని రోజుకు పదిసార్లు చూసుకోవద్దు. కొందరికి మిషను వచ్చిన దగ్గరనుంచీ ప్రశాంతత పోయింది. 150 వచ్చిందని భయం, భయంతో 165, అది చూసి ఇంకా భయం. షుగరు స్ట్రిప్పుల ఖరీదు కూడా తక్కువేమీ కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ అదుపులో ఉన్నవారు రోజూ వేలు గుచ్చుకోనవసరం లేదు. ఇన్సులిన్ వాడేవారికి, గర్భిణులకు ఎక్కువ అవసరం. మీరు వారానికి ఎన్నిసార్లు, ఏ వేళల్లో చూడాలన్నది డాక్టరుగారిని అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఉన్న స్ట్రిప్పులు కొద్దిగానే ఉంటే అన్నీ పరగడుపునే ఖర్చు చేయకండి. సోమవారం పరగడుపున, గురువారం మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు అన్నట్లు మార్చి చూస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ తెలుస్తుంది.

ఈ పుస్తకం షుగరు, బి.పి. వారికే కాదు. గుండె బలహీనపడి నీరు చేరేవారు రోజూ పొద్దున మూత్ర విసర్జన అయ్యాక, టిఫిను తినక ముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా రావాలి. గుండెలో కృత్రిమ కవాటం వేయించుకుని రక్తం పలచబడే మందు వాడేవారు ఐ.ఎన్.ఆర్. అంకె, దాని కింద మోతాదు రాసుకోవాలి. మూర్ఛ ఉన్న పిల్లల తల్లులు ఫిట్సు వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, ఆ రోజు మందు వేశారా అన్నది రాయాలి.

వరసగా రాసుకోవడం కొత్త సంగతి కూడా కాదు. ఇటలీలోని పాడువా నగరంలో సాంటోరియో అనే వైద్యుడు (1561-1636) త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని, తిన్నది, తాగినది, విసర్జించినది అన్నీ తూచి సుమారు ముప్పై ఏళ్ళు లెక్క రాశాడు. 1614లో దాన్ని పుస్తకంగా వేశాడు. అంత ఓపిక మనకు అక్కరలేదనుకోండి. మనకు దగ్గరైన ఉదాహరణ నైజీరియాలోని ఇలేషాలో ఉన్న మెథడిస్టు మిషను ఆసుపత్రిది. 1950లలో అక్కడ పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే పిల్లల వైద్యుడు బిడ్డ బరువును నెలనెలా చుక్కలుగా పెట్టే కార్డును వాడుకలోకి తెచ్చి, దాన్ని ఆసుపత్రి బీరువాలో కాక తల్లి చేతిలో పెట్టాడు. చదువురాని తల్లి కూడా గీత పైకి పోతోందా, పడుకుందా అని చూసి తెలుసుకోగలిగేది. మన అంగన్‌వాడీల్లో తల్లులకు ఇచ్చే కార్డులోని పెరుగుదల గీతలు ఆ దారిలోవే.

కాబట్టి చదువు రానివారు మాకెందుకులే అనుకోవద్దు. మిషను మీది అంకెను చూసి అలాగే దించడం నేర్చుకుంటే చాలు. అదీ కష్టమైతే ఏడో తరగతి చదివే మనవడికి అప్పగించండి. వేసుకున్న మాత్రకు సున్నా, మానేసినదానికి అడ్డగీత అని గుర్తులు పెట్టుకోండి. మేము గమనించిన ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పక తప్పదు. మన కుటుంబాల్లో అయ్యగారి పుస్తకం అమ్మగారు రాస్తారు, వేళకు మాత్ర అందిస్తారు, ఓ.పి.కి ఆమే వెంటబెట్టుకుని వస్తారు. ఆమెకు కూడా షుగరు ఉంటుంది. ఆమె పుస్తకం ఎక్కడ అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. అయ్యగార్లను మేము అడిగేది ఇదే: ఒక్క పుస్తకం కొనేచోట రెండు కొనండి, రెండోదాన్ని మీ చేత్తో మీరు రాయండి. ఒకే పుస్తకంలో ఇద్దరి అంకెలు మాత్రం కలపవద్దు.

హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉన్న పిల్లలకు చూపాలంటే ప్రతి ఆదివారం ఆ వారం పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. పుస్తకం పోయినా నకలు ఉంటుంది. ఫోను చేయవలసిన పని ఫోను చేసినట్లే. అయితే బంధువులందరూ ఉన్న గ్రూపులో పెట్టకండి. పెట్టిన గంటలోపు పది కషాయాలు, రెండు కొత్త మాత్రల పేర్లు వస్తాయి. పేజీ చూసి మోతాదు మార్చే పని పిల్లలదీ కాదు, బంధువులదీ కాదు, మీదీ కాదు. షుగరు 300 దాటి వాంతులో ఆయాసమో ఉన్నా, బి.పి. 180/120 దాటి ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒక పక్క బలహీనత ఉన్నా పుస్తకంలో రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

“రాసి తెచ్చినా డాక్టరుగారు చూడరండీ” అన్న ఫిర్యాదు ఉంది. దానికి మా సూచన రెండు వైపులా ఉంది. మీరు గదిలోకి రాగానే నొప్పుల కథ మొదలుపెట్టే ముందు పుస్తకం తెరిచి చివరి పేజీ డాక్టరుగారి వైపు తిప్పి పెట్టండి. డాక్టరుగార్లను మేము కోరేది, చూసినంతవరకు అడ్డంగా ఒక గీత గీసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టమని. మందు మారిస్తే ఆ గీత కిందే ఒక్క ముక్క రాయమని. ఇందుకు అర నిమిషం పడుతుంది. తన రాతను ఎవరో చదివారని ఆ గీత చూసి తెలుసుకున్న మనిషి వచ్చే నెల కూడా రాస్తాడు. ఆ గీత లేని పుస్తకాలు చాలావరకు మూడో నెలకు ఆగిపోతున్నాయి.

పుస్తకం నిండితే పారేయకండి. రేషను కార్డు, ఆధారు కార్డు దాచుకున్న చోటే బీరువాలో పెట్టండి. కొత్త పుస్తకంతో మొదటిసారి వచ్చేటప్పుడు పాతదాన్ని కూడా తీసుకురండి. కొత్తదాని మొదటి పేజీలో పేరు, వయసు, ఇంట్లో ఒకరి ఫోను నంబరు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు రాసుకోవాలి. మందుల పేర్లు జ్ఞాపకం మీద రాయకుండా, చివరి ఓ.పి. చీటీనీ, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలనూ పక్కన పెట్టుకుని రాయండి. ఆ రెండూ కలవకపోతే, ఏది సరైనదో అడగడానికి వచ్చే ఓ.పి. రోజు దాకా ఆగకండి.